కాజాల కాటా మీద పదహారు జీబీ

కంప్యూటర్ ఆటల్లో నేను ఓడిపోవడానికి కారణం నేను కాదు, నా గ్రాఫిక్స్ కార్డు. ఈ సంగతి నాకు చాలాకాలంగా తెలుసు. తెలియనిది మా ఆవిడకీ, ప్రభుత్వానికీ మాత్రమే.

గ్రాఫిక్స్ కార్డంటే కంప్యూటర్ పొట్టలో కూర్చుని తెరమీద బొమ్మలు గీసే పలక. గీయాల్సిన బొమ్మల్ని గుర్తుపెట్టుకోడానికి దానికి సొంత మెమొరీ ఉంటుంది. దాన్ని జీబీల్లో చెబుతారు. నా కార్డుకి ఎనిమిది జీబీలు. ఎనిమిది ఏ మూలకీ చాలదని ఇంటర్నెట్టులో పెద్దలంతా తేల్చేశారు. కొందరు పన్నెండు కావాలన్నారు, కొందరు పదహారు లేనివాడు కంప్యూటర్ ముందు కూర్చోవడమే దండగన్నారు. ఎవరు ఎక్కువ చెబితే వాళ్లే నిజం చెబుతున్నట్టు నాకు అనిపించేది.

నేనాడే ఆటలో అందరూ ఒక అడవిలో తుపాకులతో దిగి ఒకళ్లనొకళ్లు వేటాడుకుంటారు. అందులో నా పేరు గోదావరి సింహం. సింహం అడవిలో దిగి ఒక పొదలో దాక్కోగానే ఎవరో వచ్చి కాల్చేసేవారు. తెరమీద నా శవాన్ని చూసుకుంటూ "మెమొరీ చాల్లేదు" అని పైకే అనేవాణ్ని, పక్కగదిలో మా ఆవిడకి వినపడేట్టు.

పదహారు జీబీల కార్డు కొనుక్కుంటానని ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తలెత్తకుండానే అంది: "ఉన్నదాంతో ఓడిపోవడం కుదరట్లేదా ఏంటండీ?"

ఇంట్లో నా పప్పులుడకవని తేలిపోయింది. కాని ఆఫీసు ఉంది.

‘కూర్చునే క్రీడల మండలి’ అనే ప్రభుత్వ కార్యాలయంలో నేను సూపరింటెండెంటుని. పేరు చెరుకుమిల్లి సీతాపతి. పరిగెత్తే ఆటలకీ, గెంతే ఆటలకీ వేరే మండళ్లున్నాయి. చదరంగం, క్యారమ్స్ లాంటివి మావి. గోదావరి గట్టున మూడు గదుల్లో ఎవరికీ అడ్డం రాకుండా బతుకుతున్న మా మండలికి ఈ ఏడాది పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. కంప్యూటర్ ఆటలు కూడా క్రీడలేననీ, కూర్చునే ఆడతారు కాబట్టి అవి మాకే చెందుతాయనీ, వెంటనే జట్టును ఎంపిక చెయ్యాలనీ దాని సారాంశం. జట్టులో చేరినవాళ్లకి మండలి తెరవబోయే శిక్షణ కేంద్రంలో కోచ్ ఉద్యోగం ఇస్తారట.

మా డైరెక్టర్ ఉప్పులూరి గజపతిరావు గారు బరువులెత్తే క్రీడల నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినవారు. కూర్చునే క్రీడల మీద ఆయనకి మొదటినుంచీ చిన్నచూపే. చదరంగం పోటీలకి కూడా ఆటగాళ్ల బరువు తూయించి రాయించేవారు. కంప్యూటర్ ఆటల ఫైలు చూసి నన్ను పిలిచారు.

"సీతాపతీ, ఈ విషయమందు మన కార్యాలయంలో పరిజ్ఞానం కలవారెవరు?"

"నేనేనండి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఇంత తేలిగ్గా రావడం నాకే ఆశ్చర్యం.

"అయితే నిబంధనలు మీరే ముసాయిదా చెయ్యండి."

ఆ రోజు మధ్యాహ్నం నేను టీకి కూడా లేవలేదు. ముసాయిదాలో మొదటి నిబంధన ఇలా రాశాను: "ప్రతి క్రీడాకారుని గ్రాఫిక్స్ కార్డునందు పదహారు జీబీలకు తక్కువ కాకుండా మెమొరీ ఉండవలెను. అంతకు తక్కువ మెమొరీతో ఆడుట క్రీడాకారుని ఆరోగ్యమునకును, మండలి ప్రతిష్ఠకును హానికరము." రెండో నిబంధన: "ప్రమాణములు నిర్ధారించు నిమిత్తము మండలి ఒక నమూనా కార్డును సమకూర్చుకొని, సూపరింటెండెంటు గారి నివాసమునందు పరిశీలనార్థము భద్రపరచవలెను."

డైరెక్టర్ గారు రెండింటి మీదా సంతకం పెట్టారు. కార్డు వచ్చింది. నిగనిగలాడుతూ రెండు ఫ్యాన్లతో చిన్న టిఫిన్ డబ్బా అంత ఉంది. దాన్ని ఆఫీసు కవర్లో పెట్టుకుని ఇంటికి తీసుకెళుతుంటే, పెళ్లి చూపులనాడు కూడా నా గుండె అంతలా కొట్టుకోలేదనిపించింది. ఆ సాయంత్రం గోదావరి సింహం పదహారు జీబీలతో అడవిలో దిగింది. ఎప్పటిలాగే కాల్చేశారు. కాని ఈసారి నా శవం చాలా స్పష్టంగా కనబడింది.

నిబంధనలు నోటీసు బోర్డు మీద పెట్టిన రెండు రోజులకి ఒకమ్మాయి ఆఫీసుకొచ్చింది. పేరు పితాని హర్షిత. మెయిన్ రోడ్డు పక్క సందులో ఇంటర్నెట్ సెంటర్ చూసుకుంటుంది. డిగ్రీ అయింది, ఉద్యోగం లేదు. నా బల్ల ముందున్న కుర్చీలో అడక్కుండానే కూర్చుంది.

"పదహారు జీబీలని ఎవరు రాశారండీ ఇది?"

"నిపుణుల కమిటీ" అన్నాను.

"వాళ్లెప్పుడైనా ఆడారాండీ?"

"ఆడతారు. బాగానే ఆడతారు."

"నాది నాలుగు జీబీల కార్డండి. పాతది. దాంతోనే ఈ జిల్లాలో ఆడేవాళ్లందర్నీ కొట్టాను. కావాలంటే ఆటలో నా పేరు చెప్పి ఎవర్నైనా అడగండి, మిరపకాయ్ అంటే తెలీనోళ్లు లేరు. ఈ కోచ్ ఉద్యోగం వస్తుందని మా అమ్మకి చెప్పేశానండి. ఇప్పుడు పదహారు జీబీల కార్డు నేనెక్కణ్నించి తేవాలి?"

మిరపకాయ్ అన్న పేరు వినగానే చేతిలోని కలం కింద పెట్టేశాను. ఆ పేరు నాకు తెలుసు. నేను చచ్చిన ప్రతిసారీ తెరమీద అదే కనబడుతుంది.

"అందర్నీ అంటే..." అన్నాను.

"అందర్నీనండి. గోదావరి సింహం అని ఒకాయన ఉన్నాడు. ఆయన్నైతే రోజూ చంపుతాను. పాపం పెద్దాయన అనుకుంటానండి, పరిగెత్తలేడు. ఎక్కడో ఒకచోట ముడుచుక్కూర్చుంటాడు. ఒక్కోసారి జాలేసి వదిలేద్దామనుకుంటాను గానీ, పాయింట్లు వస్తాయి కదాండీ."

ఆమె దరఖాస్తు తీసుకుని పేపర్ వెయిట్ కింద పెట్టాను. నాకు నిజంగానే సిగ్గేసింది. నా ముచ్చట కోసం నేను రాసుకున్న ఒక వాక్యం ఈ పిల్ల నోటికాడి ఉద్యోగం లాగేస్తోంది. నిబంధన మార్చమని డైరెక్టర్ గారికి చెప్పాలంటే, అది ఎందుకు రాశానో చెప్పాలి. చెబితే నమూనా కార్డు వాపసు ఇవ్వాలి. "పై వారి పరిశీలనకు పంపుతాను" అన్నాను. ఆ మాటకి అర్థమేంటో ఆమెకి తెలుసు. లేచి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే ఎంపిక కమిటీ సమావేశం జరిగింది. డైరెక్టర్ గారు నమూనా కార్డుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"ఇందులో పదహారు జీబీలున్నాయని ఏమిటి రుజువు?"

"డబ్బా మీద రాసుందండి."

"డబ్బా మీద ఎవడైనా రాస్తాడు. కంటికి కనపడనిదాన్ని మండలి ధ్రువీకరించజాలదు. రేపు ఆడిట్ వారడిగితే జీబీలు ఎక్కడున్నవో చూపగలరా మీరు?" కార్డుని అరచేతిలో పెట్టి పైకీ కిందకీ ఆడించారు. ముప్పై ఏళ్లు ఇనుముతో కాపురం చేసిన చెయ్యి అది. "జీబీలు పెరిగితే బరువు పెరుగునా?"

పెరగదని నాకు తెలుసు. కాని ఆయన కార్డు ఇంకా నాకు తిరిగివ్వలేదు.

"పెరిగే అవకాశం లేకపోలేదండి" అన్నాను.

అంతే. ఆయన ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. బరువులెత్తేవాళ్లకి బరువును బట్టి వర్గాలున్నట్టే వీళ్లకీ ఉంటాయనీ, కార్డుల్ని కాటా మీద పెట్టి జీబీలు నిర్ణయించాలనీ అక్కడికక్కడే తీర్మానం చేయించారు.

తూకం రోజున ఆటగాళ్లంతా కార్డుల్ని గుడ్డల్లో చుట్టుకుని మండలి ముందు వరసకట్టారు. ముందు బరువులెత్తేవాళ్లని తూచే పెద్ద కాటా తెప్పించారు. దానిమీద ఏ కార్డు పెట్టినా ముల్లు కదల్లేదు. మండలి డాక్టరు గారు అందరినీ "తీవ్ర పోషకాహార లోపం" అని రాసేశారు. కాటా మార్చాలని తేలాక, వీధి చివర తాపేశ్వరం కాజాల కొట్టు నుంచి ఎలక్ట్రానిక్ కాటా అరువు తెచ్చాం. దాని పళ్లెం పాకంతో జిగటగా ఉంది. దానిమీద పెట్టిన కార్డుల చుట్టూ ఈగలు చేరాయి. ఈగల బరువు మినహాయించాలా అని ఒక సభ్యుడు సందేహం వెలిబుచ్చారు. దాన్ని ఉపసంఘానికి నివేదించారు.

మొదట నమూనా కార్డు పెట్టారు. ఆరువందల నలభై గ్రాములు. పదహారు జీబీలకి ఆరువందల నలభై కాబట్టి జీబీకి నలభై గ్రాములని డైరెక్టర్ గారు సూత్రం కట్టారు. ఆ సూత్రం ప్రకారం నా దగ్గరున్న ఆ నమూనా కార్డు ఆడటానికి అర్హమైనవాటిల్లో అన్నింటికన్నా తక్కువ వర్గంలో పడింది. దాని పేరు లఘు వర్గం.

తర్వాత హర్షిత వచ్చింది. ఆమెది పాత కాలపు కార్డు. మూడు ఫ్యాన్లు, లావాటి ఇనప రేకులు, రాగి గొట్టాలు. రెండు చేతుల్తో ఎత్తి కాటా మీద పెడితే పళ్లెం కిర్రుమంది. పదమూడు వందల గ్రాములు.

"ముప్పై రెండున్నర జీబీలు" అని ప్రకటించారు డైరెక్టర్ గారు. "మహాగురు వర్గం. శభాష్, తల్లీ."

"నాలుగేనండి" అంది హర్షిత.

"కాటా అబద్ధం చెప్పదమ్మా."

హర్షిత నా వంక చూసింది. నేను ఈగల్ని తోలుతున్నాను. లోపల మాత్రం నా నెత్తిన పాలు పోసినట్టయింది. నా నిబంధన ఊడగొట్టిన ఉద్యోగాన్ని నా అబద్ధం మళ్లీ తెచ్చిపెట్టింది. ఎవరికీ ఏమీ చెప్పే పని లేకుండా పోయింది.

ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. మిగతా ఆటగాళ్లు తూకాల సంగతి కనిపెట్టేశారు. తక్కువ వర్గంలో గెలవడం తేలికని కొందరు కార్డుల ఫ్యాన్లు పీకేసి ఒళ్లు తగ్గించుకున్నారు. అలా పీకినవి వేడెక్కి పొగలొస్తే, డాక్టరు గారు జ్వరం చూసే థర్మామీటరు పెట్టి, ఉత్తేజక మందులు వాడారన్న అనుమానం మీద వాటి మసి గీకి సీసాలో పట్టారు. జ్వరాలూ తగ్గి, సీసాలూ సర్దాక చూస్తే మహాగురు వర్గంలో హర్షిత ఒక్కతే మిగిలింది.

"ప్రత్యర్థి లేని వర్గమును రద్దు చేయవలెను" అన్నారు డైరెక్టర్ గారు. "పోటీ లేనిచోట గెలుపును మండలి గుర్తించదు. ఇది బరువులెత్తు క్రీడల మూలసూత్రం. కింది వర్గమునకు దిగుదునన్నచో కార్డు బరువు తగ్గించుకొని రమ్మనుడు."

"తగ్గించడానికి ఏం పీకమంటారండీ, రేకులు పీకితే కాలిపోద్ది. నాకున్నది అదొక్కటేనండి" అంది హర్షిత. మొదటిసారి వచ్చినప్పటి దురుసుతనం గొంతులో లేదు. కార్డుని తువ్వాల్లో చుట్టుకుని మెట్లమీద కూర్చుంది.

నేను ఆమెను దాటుకుని వెళ్లాలి. బస్సుకి వేళయింది. రెండు మెట్లు దిగి, మళ్లీ ఎక్కి లోపలికెళ్లాను.

"మండలి ఉద్యోగులు కూడా పాల్గొనవచ్చని నాలుగో నిబంధనలో ఉందండి. మహాగురు వర్గంలో నేను ఆడతాను" అన్నాను.

"మీ కార్డు లఘు వర్గం కదయ్యా."

"రేపటికి బలపడి వస్తుందండి."

ఇందులో నాకు త్యాగం చేసే ఉద్దేశం ఉందని ఎవరూ అనుకోకూడదు. సగం సిగ్గు. మిగతా సగం, ఇన్నాళ్లకి నా ఎదురుగా మిరపకాయ్ కూర్చుంటుంది, నా దగ్గర పదహారు జీబీలున్నాయి, ఆ పిల్ల దగ్గర నాలుగే ఉన్నాయన్న ఆశ. గెలిస్తే ఆ పిల్ల ఉద్యోగం నేనే పోగొట్టినవాణ్నవుతానన్న ఆలోచన నాకు రాకపోలేదు. వచ్చింది. కాని కాసేపే ఉంది.

ఇంటికెళ్లి కార్డు బరువు పెంచే మార్గం వెతుకుతుంటే మా ఆవిడే అల్లం దంచుకునే ఇనప బండ తెచ్చి ఇచ్చింది. పురికొసతో కట్టాను.

"రేపు కూర ఎలా చేస్తావు?" అన్నాను.

"అల్లం లేకుండా చేస్తాను. మీరు మాత్రం దీన్ని ఆడుతూ ఆడుతూ కాలిమీద పడేసుకోకండి."

కాటా మీద నా కార్డు ముప్పై ఎనిమిది జీబీలు తూగింది. డాక్టరు గారు బండని వేలితో కొట్టి చూసి, "శరీర నిర్మాణంలో సహజ భాగమే" అని ధ్రువపత్రం ఇచ్చారు. తూకం వేసిన శరీరంతోనే ఆడాలి కాబట్టి బండ ఊడదీయడానికి ఒప్పుకోలేదు. దాని బరువుకి నా కంప్యూటర్ ఒక పక్కకి ఒరిగిపోయింది.

పోటీ ఇండోర్ స్టేడియంలో పెట్టారు. కుస్తీ పట్టే పరుపు మీద మమ్మల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, నడుములకి ఒకరికి ఎరుపు, ఒకరికి నీలం పట్టీ కట్టారు. ఆటలోనూ మా పేర్ల బదులు ఆ రంగులే పెట్టించారు. రిఫరీ విజిల్ ఊదాడు. మూడు సార్లు ఎవరు చంపితే వాళ్లు గెలిచినట్టు.

ఇక ఆట సంగతి. అడవి చాలా బాగుంది. పదహారు జీబీలు ఊరికే పోలేదు. చెట్ల బెరడు మీద నాచు కనబడుతోంది. ఆకుల చివర నీటిబొట్టు కనబడుతోంది. ఒక సాలెపురుగు కూడా కనబడింది. దట్టమైన పొద ఒకటి చూసుకుని అందులోకి దూరి, తుపాకి సర్దుకుని ఊపిరి బిగబట్టాను. నా చుట్టూ ఎన్ని ఆకులంటే, నాకు నేనే కనపడటం లేదు.

మిరపకాయ్ తిన్నగా నడుచుకుంటూ వచ్చి, పొదముందు ఆగి, కాల్చేసింది.

రెండోసారి ఇంకా పెద్ద పొదలో దూరాను. అదే జరిగింది. మూడోసారి రెండు పొదలు కలిసినచోట బోర్లా పడుకుని కళ్లు కూడా మూసుకున్నాను. ఆటలో కాదు, నిజంగానే మూసుకున్నాను. విజిల్ వినపడి తెరిచేసరికి అయిపోయింది.

జనం చప్పట్లు కొడుతుండగా నడుముకున్న పట్టీ విప్పుకుంటూ అడిగాను. "అంత దట్టమైన పొదలో నన్నెలా కనిపెట్టావమ్మా?"

"పొదేంటండీ?"

"నేను దాక్కున్నది."

"నాకు పొదలు రావండి. నాలుగు జీబీలు కదా, మొయ్యలేదని ఆకులూ గడ్డీ అన్నీ తీసేసి ఆడతాను. మీరు ఉత్త నేలమీద ముడుచుక్కూర్చుని ఉన్నారు." ఇంకాస్త వంగి నా ముఖంలోకి చూసింది. "ఈ కూర్చోవడం నేనెక్కడో చూశానండి. మీరు... సింహం మీరేనాండీ?"

నేను బండని విప్పుకునే పనిలో పడ్డాను. తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లుగా నేను దాక్కున్న పొదలన్నీ నా తెరమీదే ఉన్నాయి. ఎనిమిది జీబీలతో కాస్త పల్చగా, పదహారుతో బాగా దట్టంగా.

మర్నాడు డైరెక్టర్ గారు ప్రభుత్వానికి నివేదిక రాయమన్నారు. నేను మొదట నిజమే రాశాను. నాలుగు జీబీలు చాలునని, ఓడటానికి మాత్రమే పదహారు కావాలని. రాసి, చదువుకుని, చించేశాను. అది పైకి వెళితే హర్షితవి నాలుగే జీబీలని తేలుతుంది. పదహారు ఉండాలన్న నిబంధన ఇంకా బతికే ఉంది. ఆమె ఉద్యోగం కాజాల కాటా మీద నిలబడి ఉంది, దాన్ని కదపడానికి నాకు చెయ్యి రాలేదు. కాబట్టి డైరెక్టర్ గారు చెప్పినట్టే రాశాను: "సదరు క్రీడాకారిణి కార్డు అనుబంధములు లేని స్వాభావిక బరువు కలదైనందున విజయము సాధించినది. కావున ఇకపై బరువే ప్రమాణముగా స్వీకరించవలెను." నమూనా కార్డుని వాపసు చేసేశాను. దాన్ని డైరెక్టర్ గారు స్వయంగా పరిశీలించడానికి తమ నివాసానికి పట్టుకెళ్లారు.

హర్షిత కోచ్ అయింది. మండలి సిబ్బంది అంతా వారానికోసారి ఆడి తీరాలని డైరెక్టర్ గారు ఉత్తర్వు వేశారు. మొదటి రోజు హర్షిత నా వెనక నిలబడి, నా పాత ఎనిమిది జీబీల కంప్యూటర్లో ఏవో రెండు మూడు నొక్కింది. అడవిలో ఆకులన్నీ ఒక్కసారి మాయమైపోయాయి. ఉత్త మట్టినేల, అక్కడక్కడ మోడులు.

"ఇప్పుడు ఆడండి, సింహం గారూ" అంది.

నడిచాను. కాసేపు ఎవరూ కనపడలేదు. తర్వాత దూరంగా, మైదానం నట్టనడుమ, ఒక భారీ మనిషి మోకాళ్లమీద వంగి, తుపాకి గుండెలకి హత్తుకుని, తల రెండు భుజాల మధ్యలోకి దించుకుని కూర్చుని ఉన్నాడు. ఎటూ కదలడం లేదు. చుట్టూ ఒక్క గడ్డిపోచ కూడా లేదు. ఎంత జాగ్రత్తగా దాక్కున్నాడో చూస్తే నాకు జాలేసింది. తలమీద పేరు కనబడింది: గజపతి. మా డైరెక్టర్ గారే.

గురి పెట్టాను. నా జీవితంలో మొదటిసారి ఆటలో ఒక మనిషిని గెలవబోతున్నాను. వెనక నుంచి హర్షిత "కొట్టండి, కొట్టండి" అంటోంది.

తుపాకి దించేశాను. ఆ ఆటలో నమస్కారం పెట్టడానికి ఒక బొత్తాం ఉంది. అది నొక్కి, ఆయనకి మాత్రమే కనపడే పొదకి తగలకుండా చుట్టూ తిరిగి వెళ్లిపోయాను.